ఆన్‌లైన్ సేవల మీద పరిశోధన ఎలా చేయాలి: సగంలో ఆగినవాళ్లను వెతకండి

మీరు ఎంబీఏ ప్రాజెక్టు చేస్తూ ఉండొచ్చు, పీహెచ్‌డీలో చేరి ఉండొచ్చు, లేదా ఆఫీసులో "మన పోర్టల్ ఎలా పనిచేస్తోందో చూసి రిపోర్టు ఇవ్వండి" అని పైనుంచి మాట వచ్చి ఉండొచ్చు. ఏదైనా దారి ఒకటే. ప్రభుత్వ వెబ్‌సైటు అయినా, కంపెనీ యాప్ అయినా, తెర మీద మొదలై తెర మీద ముగియాల్సిన పని ఒకటుంటుంది. దాన్ని కొందరు పూర్తి చేస్తారు, కొందరు మధ్యలో వదిలేస్తారు. నేను చదివిన పేపర్లలో ఎక్కువ భాగం పూర్తి చేసినవాళ్లను పిలిచి "బాగుందా?" అని అడిగినవే. వదిలేసినవాళ్ల దాకా వెళ్లినవి తక్కువ. మీరు అక్కడికి వెళ్తే కొత్త విషయం అదే దొరుకుతుంది.

ముందు ఒక్క పని ఎంచుకోండి

"ఈ-గవర్నెన్స్‌లో పౌరుల సంతృప్తి", "ఈ-కామర్స్‌లో వినియోగదారుల నమ్మకం" లాంటి శీర్షికలు వినడానికి బాగుంటాయి గానీ పనిలోకి దిగాక ముంచుతాయి. జనన ధ్రువపత్రం తీసుకోవడం, పన్ను రిటర్ను వేయడం, టెండరు దాఖలు చేయడం, నచ్చని వస్తువు వెనక్కి పంపి డబ్బు తెప్పించుకోవడం... అన్నీ ఈ-సేవలే. కానీ ఒక్కోదానికి వచ్చే మనిషి వేరు, వాళ్ల తొందర వేరు, తప్పు జరిగితే పోయేది వేరు. అందుకని మొదలూ చివరా ఉన్న ఒక్క పనిని పట్టుకోండి. సరైనదే పట్టుకున్నారా లేదా అన్నది ఒక వాక్యం రాస్తే తెలిసిపోతుంది: ఫలానా మనిషి ఫలానా అవసరంతో వచ్చి, చివరికి ఫలానాది చేతపట్టుకుని వెళ్తాడు. చివర చేతికొచ్చేదేమిటో రాయలేకపోతే మీ టాపిక్ ఇంకా పెద్దదిగానే ఉన్నట్టు.

ప్రభుత్వ సేవా, వ్యాపార సేవా, రెండూ పోల్చాలా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పోల్చడం మంచిదే, ఒక తేడా మరిచిపోనంతవరకు. ఆన్‌లైన్ షాపింగులో బుట్టలో వేసుకున్నాక కొనకుండా వెళ్లిపోయే సందర్భాలు దాదాపు 70 శాతమని, ఆన్‌లైన్ షాపింగు మీద పరిశోధన చేసే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. వాళ్లలో చాలామంది ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లే, నచ్చకపోతే ఇంకో సైటుకి పోతారు. పెన్షన్ దరఖాస్తు సగంలో వదిలేసిన మనిషికి మాత్రం ఇంకో పోర్టల్ లేదు. షాపింగులో వదిలేయడం ఒక నిర్ణయం. పెన్షన్ దగ్గర అది చాలాసార్లు ఓడిపోవడమే. ఈ రెండు రకాల అంకెల్నీ ఒకే గ్రాఫులో పక్కపక్కన నిలబెట్టకండి.

మీరే ఒకసారి చివరిదాకా వెళ్లి రండి

ప్రశ్నావళి రాయకముందే, ఒక్క పేపరు చదవకముందే చేయాల్సిన పని ఇది. నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఆ సేవను కంప్యూటర్‌లో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి నడవండి. ప్రతి తెర దగ్గరా ఏం అడిగారు, అడిగింది మీ దగ్గర ఉందా లేక వెతుక్కోవాల్సి వచ్చిందా, ఎంతసేపు పట్టింది, ఎక్కడ వెనక్కి వెళ్లారు అన్నవి రాసుకోండి. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది:

"4వ తెర. ఫోటో అప్‌లోడ్. 50 కేబీ మించకూడదట. ఆ సంగతి ఫైలు ఎంచుకున్నాకే ఎర్ర అక్షరాల్లో చెప్పింది. ఫోన్‌లో తీసిన ఫోటో 3 ఎంబీ పైన ఉంది. తగ్గించడం ఎలాగో ఎక్కడా రాయలేదు. వేరే సైటులో తగ్గించి తెచ్చేసరికి 11 నిమిషాలు. ఈలోపు సెషన్ అయిపోయింది. మళ్లీ 1వ తెర. ఇంతకుముందు నింపినవి ఏవీ లేవు."

ఇందులో ఒక్క అభిప్రాయం లేదు, అన్నీ జరిగినవే. ఈ ఒక్క పేజీలోంచి కనీసం మూడు పరిశోధన ప్రశ్నలు వస్తాయి. సైజు పరిమితి ముందే చెప్తే ఆగిపోయేవాళ్లు తగ్గుతారా? ఫోన్‌లో వచ్చేవాళ్లు ఈ తెర దగ్గర ఎక్కువగా ఆగుతున్నారా? సెషన్ గడువుకి ఎవరు బలవుతున్నారు, నెమ్మదిగా టైపు చేసేవాళ్లా, నెట్ సరిగ్గా లేనివాళ్లా?

అబద్ధపు వివరాలతో దరఖాస్తు మాత్రం పెట్టకండి. అవతల ఒక ఉద్యోగి దాన్ని నిజమనుకుని కూర్చుని పరిశీలిస్తాడు. మీకు నిజంగా అవసరమైన సేవ అయితే పూర్తి చేయండి, లేదంటే చివరి బటన్ నొక్కకుండా ఆగిపోండి. ఆ సేవ పాత రూపం చూడాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో చిరునామా కొట్టి చూడండి. లాగిన్ దాటాక వచ్చే పేజీలు అందులో దొరకవు. కానీ ముందు పేజీలు, సూచనలు, రుసుముల వివరాలు ఏ ఏడాది ఎలా ఉన్నాయో చాలాసార్లు దొరుకుతాయి.

ప్రశ్న బిగించండి

నా మొదటి సర్వే సంగతి చెప్తాను. ఒక దరఖాస్తు పోర్టల్‌తో జనం పడే ఇబ్బందులు తెలుసుకుందామని గూగుల్ ఫారం తయారుచేసి లింకు పంచాను. మూడొందల పైచిలుకు జవాబులొచ్చాయి. ఇబ్బందులు దాదాపు లేవని తేలింది. సంబరంగా మా గైడ్‌కి చూపిస్తే ఆవిడ ఒక్క మాటే అన్నారు: "ఆన్‌లైన్ ఫారం నింపడం వచ్చినవాళ్లనే, ఆన్‌లైన్ ఫారం నింపడం కష్టమా అని అడిగావు." ఆ డేటా మొత్తం అటకెక్కింది.

అందుకే ప్రశ్నలో "ఎవరు" అన్నది ముందు రాయండి. మొదలుపెట్టినవాళ్లా, పూర్తి చేసినవాళ్లా, అసలు మొదలుపెట్టనివాళ్లా? ఆ తర్వాత "మొదలు" అంటే ఏమిటో, "పూర్తి" అంటే ఏమిటో కొలవగలిగేలా రాయండి. సైటు తెరవడం మొదలా, లాగిన్ కావడం మొదలా? రసీదు నంబరు రావడం పూర్తా, ధ్రువపత్రం చేతికి రావడం పూర్తా? ఇదేదో మాటల గారడీ అనుకోకండి. అమెరికాలో హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా సైటు 2013 అక్టోబరు 1న మొదలైన రోజు లక్షల మంది దాన్ని తెరిచారు. ఆ రోజు బీమా నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురే. సందర్శనలు లెక్కపెట్టినవాళ్లకి అది విజయం, పూర్తయినవి లెక్కపెట్టినవాళ్లకి నెలల తరబడి నిద్ర లేని పని.

కొలమానాలు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 2011లో ఏర్పడిన బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ తన సేవలకు నాలుగు పెట్టుకుంది: ఒక్కో లావాదేవీకి అయ్యే ఖర్చు, వాడినవాళ్ల సంతృప్తి, మొదలుపెట్టినవాళ్లలో పూర్తి చేసినవాళ్ల శాతం, మొత్తం లావాదేవీల్లో ఆన్‌లైన్‌లో జరిగినవాటి శాతం. నన్నడిగితే మూడోదాన్ని నడిమధ్యన పెట్టుకుని మిగతావి చుట్టూ చేర్చుకోండి.

మోడల్ ఎంచుకోవడం, అందులో ఉన్న గొయ్యి

థీసిస్ అంటే సిద్ధాంతం ఉండాలి, తప్పదు. ఈ రంగంలో అందరూ చేయి పెట్టేది టెక్నాలజీ అంగీకార నమూనా మీద, అంటే టామ్ మీద. 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రచురించింది. దాని సారం చిన్నదే: ఇది నాకు ఉపయోగపడుతుంది అనే భావన, ఇది వాడటం సులువు అనే భావన, ఈ రెండూ కలిసి వాడాలన్న ఉద్దేశాన్ని తయారుచేస్తాయి. 2003లో వెంకటేశ్, ఆయన సహచరులు ఇలాంటి ఎనిమిది నమూనాలను కలిపి యూటాట్ (UTAUT) అనే నమూనా తయారుచేశారు. అందులో నాలుగు మూలకాలు: ఫలితం మీద అంచనా, పడాల్సిన శ్రమ మీద అంచనా, చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావం, చేతికి అందే వసతులు.

గొయ్యి ఎక్కడుందంటే, ఈ నమూనాలతో చేసే అధ్యయనాల్లో గీసే బొమ్మలో చివరి బాణం చాలాసార్లు "వాడాలన్న ఉద్దేశం" దగ్గర ఆగుతుంది. వాడటం, మానడం మన చేతిలో ఉన్నప్పుడే ఉద్దేశానికి అర్థం. డెన్మార్క్‌లో 2014 నవంబరు నుంచి, మినహాయింపు పొందినవాళ్లకి తప్ప, 15 ఏళ్లు నిండిన పౌరులందరికీ ప్రభుత్వ ఉత్తరాలు డిజిటల్ పోస్టులోనే వస్తున్నాయి. అలాంటి చోట "మీరు ఈ సేవ వాడాలనుకుంటున్నారా?" అని ఐదు పాయింట్ల స్కేలు మీద అడిగితే వచ్చే అంకెకి విలువేముంది? వానలో నిలబెట్టి తడవాలనుకుంటున్నావా అని అడిగినట్టు. ఆన్‌లైన్ తప్ప వేరే దారి మూసేసిన ఏ సేవకైనా ఇదే వర్తిస్తుంది. యూటాట్ స్వచ్ఛందతను, అంటే వాడటం మన ఇష్టమా, తప్పనిసరా అన్నదాన్ని, ఒక చరాంశంగా లెక్కలోకి తీసుకుంది. కానీ యూటాట్ వాడేవాళ్లు ఎక్కువగా తీసి పక్కన పెట్టేదీ ఈ చరాంశాన్నే.

తప్పనిసరి సేవ అయితే వేరే చోట వెతకండి. మొయినిహన్, హెర్డ్ అనే పరిశోధకులు ప్రభుత్వంతో పని పడ్డ మనిషి మోసే భారాన్ని మూడుగా విడగొట్టారు: ఏం కావాలో, తనకు అర్హత ఉందో లేదో తెలుసుకునే భారం, కాగితాలు తెచ్చి షరతులు పాటించే భారం, అవమానం, ఆందోళన లాంటి మనసు మీద పడే భారం. నా 4వ తెర పేజీని దీనికి పెట్టి చూడండి, మూడూ అందులోనే ఉన్నాయి. ఇక ఒక సంస్థ లోపల వాడే వ్యవస్థ గురించి అయితే డెలోన్, మెక్‌లీన్ నమూనా బాగా కుదురుతుంది. 1992లో వచ్చింది, 2003లో సేవ నాణ్యతను చేర్చి సవరించారు.

వ్యాపార సేవ మీద చేసేవాళ్లకి 2005లో వచ్చిన ఈ-ఎస్-క్వాల్ అనే స్కేలు, అంటే సేవ నాణ్యతను కొలిచే ప్రశ్నావళి, ఉంది. సామర్థ్యం, ఇచ్చిన మాట ప్రకారం అందించడం, సైటు అందుబాటు, గోప్యత అనే నాలుగు కోణాల్లో 22 ప్రశ్నలు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అదే పరిశోధకులు పని చెడినప్పుడు ఎలా సరిదిద్దారన్నదానికి 11 ప్రశ్నల విడి స్కేలు కూడా చేశారు: స్పందన, పరిహారం, మనిషితో మాట్లాడే వీలు. ఈ మూడో కోణాన్ని ప్రభుత్వ సేవలకి పెట్టి చూస్తే చాలా బయటపడుతుంది.

చదవడం

గూగుల్ స్కాలర్‌లో మీ పనికి దగ్గరగా ఉన్న మంచి పేపరు ఒకటి పట్టుకోండి. అది ఎవరిని ఉటంకించిందో వెనక్కి వెళ్లండి, దాన్ని ఎవరు ఉటంకించారో ముందుకు వెళ్లండి. నాలుగు వారాల్లో అవే పేర్లు మళ్లీ మళ్లీ తగలడం మొదలవుతుంది, ఆపొచ్చు.

ఒక్క జాగ్రత్త. అంకె కనబడితే దాని పుట్టుకదాకా వెళ్లండి. అభివృద్ధి చెందుతున్న దేశాల ఈ-గవర్నమెంట్ ప్రాజెక్టుల్లో 35 శాతం పూర్తిగా విఫలం, 50 శాతం పాక్షికంగా విఫలం, 15 శాతమే విజయం అనే మాట వందల పేపర్లలో తగులుతుంది. దాని మూలం 2003లో రిచర్డ్ హీక్స్ అనే పరిశోధకుడు రాసినది. అది తన ముందున్న ఆధారాల మీద ఆయన వేసిన అంచనా. చేతులు మారేకొద్దీ అది కొలిచి తేల్చిన గణాంకమై కూర్చుంది. ఆయన అసలు చెప్పింది ఇంకా పనికొచ్చేది: రూపకర్త ఊహించుకున్న పరిస్థితికీ, నేల మీద ఉన్న పరిస్థితికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే ప్రాజెక్టు కూలే అవకాశం అంత ఎక్కువ. వాడుకోవాల్సింది దాన్ని.

ఐక్యరాజ్యసమితి రెండేళ్లకోసారి 193 దేశాలకు ఇచ్చే ఈ-గవర్నమెంట్ సూచీ విషయంలోనూ ఇదే తంతు. ఆన్‌లైన్ సేవలు, టెలికాం వసతులు, మానవ వనరులు అనే మూడింటిని కలిపి అది తయారవుతుంది. ఒక దేశం ర్యాంకు పెరిగితే పోర్టళ్లు బాగుపడ్డాయని రాసేస్తుంటారు. చదువుకున్నవాళ్లు పెరిగినా, మొబైల్ కనెక్షన్లు పెరిగినా సూచీ విలువ పెరుగుతుంది. మూడు భాగాల్నీ విడిగా చూశాకే వాక్యం రాయండి.

మనుషుల దగ్గరికి వెళ్లడం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. ఆగిపోయినవాళ్లు ఆన్‌లైన్‌లో దొరకరు. వాళ్లు కౌంటర్ ముందు క్యూలో ఉంటారు, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినవాళ్లలో ఉంటారు, డబ్బులిచ్చి ఫారం నింపించుకునే చోట బెంచీ మీద కూర్చుని ఉంటారు. అక్కడికి వెళ్లి నిలబడండి. వ్యాపార సంస్థ అయితే కస్టమర్ కేర్ టికెట్లు చూడనివ్వమని అడగండి. పేర్లూ నంబర్లూ తీసేసి ఇస్తే చాలు.

ప్రశ్నావళిలో అందరూ రాసే ప్రశ్న ఒకటుంది: "మీరు ఈ పోర్టల్ ఎన్నిసార్లు వాడారు?" ఒక పెద్దాయన నాకు "నాలుగైదుసార్లు" అని జవాబిచ్చారు. పక్కన కూర్చుని కాసేపు మాట్లాడితే, ఆయన ఒక్కసారి కూడా తెర చూడలేదని తెలిసింది. ప్రతిసారీ కొడుకు నింపాడు, ఈయన ఓటీపీ చదివి చెప్పారు. ఆ తర్వాత నుంచి ఆ ప్రశ్న ఇలా మార్చాను: "ఆఖరిసారి ఈ పని చేసినప్పుడు ఫోనుగానీ మౌసుగానీ ఎవరి చేతిలో ఉంది?" జవాబుల తీరే మారిపోయింది. కంపెనీలు వాడే ప్రభుత్వ సేవల్లో ఇది మరీ ఎక్కువ. పన్ను పోర్టల్ గురించి యజమానిని అడిగితే ఏం తెలుస్తుంది, లాగిన్ అకౌంటెంట్ దగ్గర ఉంటే?

అడగడం కంటే చూడటం మేలు. ఒక మనిషి పక్కన కూర్చుని ఆ పని మొదలుపెట్టమనండి, మనసులో అనుకునేది పైకి అంటూ ఉండమనండి, మీరు నోరు మూసుకోండి. నిజంగా కష్టమైన భాగం ఈ చివరిదే. ఎదుటి మనిషి తప్పు బటన్ మీద వేలు పెట్టబోతుంటే మీ నోట్లోంచి మాట తన్నుకొస్తుంది. ఆపుకోండి. ఆ తప్పు కోసమే మీరు వచ్చారు. ఐదుగురితో చేస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని, వెబ్‌సైట్లు వాడటం ఎంత సులువో పరిశీలించే నిపుణుడు జాకబ్ నీల్సన్ చెప్పిన మాట ఒకే తరహా వాడుకరులకు వర్తిస్తుంది. మీ సేవకి విద్యార్థులూ, వృద్ధులూ, చూపు సరిగ్గా లేనివాళ్లూ వస్తుంటే ఒక్కో గుంపు నుంచి ఐదుగురు కావాలి.

పని అయ్యాక, వాడటం ఎంత సులువుగా అనిపించిందో కొలిచే సిస్టమ్ యూజబిలిటీ స్కేలు ఇవ్వొచ్చు. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు. బేసి సంఖ్య వాక్యాలకు ఇచ్చిన మార్కులోంచి 1 తీసేయండి, సరి సంఖ్య వాక్యాలకైతే 5లోంచి ఇచ్చిన మార్కు తీసేయండి, అన్నీ కూడి 2.5తో గుణించండి. 0 నుంచి 100 లోపు వస్తుంది, కానీ అది శాతం కాదు. సగటు 68 దగ్గర ఉంటుంది కాబట్టి మీకు 60 వస్తే ఫస్ట్ క్లాసు అని పండగ చేసుకోకండి.

శాంపిల్ సంగతి. "384 మంది చాలు" అని సీనియర్లు చెప్తారు. పెద్ద జనాభాలో, 95 శాతం విశ్వాస స్థాయికి, 5 శాతం దోషపరిమితికి ఆ అంకె నిజమే, మనుషుల్ని యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడు. మీ వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెట్టి 384 దాకా ఆగితే ఆ సూత్రానికీ మీకూ సంబంధం లేదు. అలాంటప్పుడు ఎవరిని ఎలా పట్టుకున్నారో ఉన్నదున్నట్టు రాసి, ఫలితాన్ని ఆ గుంపుకే పరిమితం చేయండి.

సర్వర్ లాగ్‌లు, అంటే ఎవరు ఏ పేజీ ఎప్పుడు తెరిచారో సైటు తనంతట తాను రాసుకునే చిట్టాలు, దొరికితే అదృష్టం. ఏ తెర దాకా ఎంతమంది వచ్చారో వరుసగా వేస్తే ఎక్కడ జారిపోతున్నారో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఇవ్వమని అడిగేటప్పుడు "డేటా కావాలి" అనకండి, ఎవరూ ఇవ్వరు. "ఫలానా మూడు నెలల్లో, ఒక్కో తెరకి చేరినవాళ్ల సంఖ్య, రోజువారీగా, వ్యక్తిగత వివరాలు లేకుండా" అని ఒక పేజీలో రాసి ఇవ్వండి.

లెక్కలు

సమయాన్ని సగటుతో చెప్పకండి, మధ్యస్థం (మీడియన్, అంటే వరుసలో పేర్చితే నడిమధ్యన ఉండే విలువ) వాడండి. ఒక్కడు ఫారం తెరిచి భోజనానికి వెళ్లినా సగటు పాడవుతుంది. స్కేలు ప్రశ్నలకి క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) 0.7 దాటాలని అంటారు. 0.95 దాటితే మాత్రం ఒకే ప్రశ్నను మాటలు మార్చి అడిగారేమో చూసుకోండి. "సైటు వేగంగా, సురక్షితంగా ఉంది" లాంటి వాక్యాన్ని రెండుగా విరగ్గొట్టండి, వేగమే ఉండి భద్రత లేదనుకునేవాడు ఏం టిక్కు పెట్టాలి? సులువనే భావన, సంతృప్తి రెండూ ఒకే మనిషిని, ఒకే ఫారంలో, ఒకే నిమిషంలో అడిగితే వాటి మధ్య సంబంధం ఉన్నదానికంటే బలంగా కనబడుతుంది. పూర్తి చేశారా లేదా అన్నది లాగ్ నుంచో, మీ కళ్లతో చూసినదాన్నుంచో తీసుకుంటే ఆ చిక్కు చాలావరకు పోతుంది.

ఎవరి వివరాలూ మీ దగ్గర మిగలకూడదు

పక్కన కూర్చున్నప్పుడు ఎదుటివాళ్ల గుర్తింపు సంఖ్య, బ్యాంకు ఖాతా, ఓటీపీ అన్నీ మీ కళ్ల ముందే వెళ్తాయి. తెర రికార్డు చేస్తుంటే ఆ పెట్టెలు ముందే కప్పేయండి. తర్వాత చెరిపేద్దామంటే ఏదో ఒక ఫ్రేములో మిగిలిపోతుంది. ఒప్పుకోలు పత్రంలో మీరు ఆ ఆఫీసు మనిషి కాదని, కంపెనీ మనిషి కాదని, మాట్లాడనన్నా వాళ్ల దరఖాస్తుకి ఏమీ కాదని స్పష్టంగా రాసి, చదివి వినిపించండి. కౌంటర్ దగ్గర నిలబడి ప్రశ్నలడిగే ప్రతివాణ్నీ జనం అధికారే అనుకుంటారు, అధికారికి ఫిర్యాదు చెప్పరు.

రాసేటప్పుడు

మీరు చూసిన ప్రతి తెరకీ బొమ్మతో పాటు తేదీ వేయండి. పోర్టళ్లు చెప్పకుండా మారిపోతాయి. మీ థీసిస్ వైవాకి వచ్చేసరికి 4వ తెర ఉండకపోవచ్చు, పరీక్షకుడు ఫోన్‌లో తెరిచి "ఇక్కడేం లేదే" అనొచ్చు. ఆ తేదీ, వేబ్యాక్ మెషీన్ లింకు ఉంటే మీరు నిలబడతారు. సాధ్యమైతే, సమర్పించే ముందు రోజు ఇంకోసారి ఆ సేవను మొదటి తెర నుంచి నడిచి, మారినవాటిని చివర ఒక పేరాలో చేర్చండి. సేవ నడిపేవాళ్లకి వందల పేజీల థీసిస్ పంపకండి. ఎక్కడ ఎంతమంది ఆగారో ఒక బొమ్మ, ఎందుకు ఆగారో వాళ్ల మాటల్లోనే నాలుగు వాక్యాలు, ఒకే పేజీ పంపండి. నేను అలా పంపిన ఒక పేజీకి జవాబైతే రాలేదు. కొన్ని నెలలకి అటు వెళ్లి చూస్తే, ఫైలు సైజు పరిమితి మొదటి తెర మీదకి వచ్చి ఉంది.